కార్జం

నెలలో రెండో బుధవారం
సిరొంచ దవాఖానలో మూడో గది నాది.
కిటికీకి పాత చీర కట్టాను,
ఎండ పడితే తెర మీది అంకె కనబడదు.

జాడి మల్లుబాయి వచ్చింది
అంకీసా నుంచి, మొదటి బస్సుకి.
పొద్దున్నుంచి ఏమీ తినలేదు, మేమే వద్దన్నాం.
చేతులకు మిరపకాయల ఘాటు,
చేతులు తుడుచుకున్న కొంగుకూ అదే ఘాటు.

డాక్టర్ పాదాలు నొక్కి చూశాడు, గుంట పడలేదు.
వీపు మీద విన్నాడు, తడి చప్పుడు లేదు.
తూకం పోయిన నెల తూకమే.
"మంచిగనే ఉన్నవ్ గదవ్వా" అంటూనే
నా గదికి చీటీ రాశాడు.

"కార్జం ఎందుకు చూస్తవ్ బిడ్డా?"
బల్ల ఎక్కకముందే అడిగింది.
"నాది గుండె బీమారి.
కార్జం పోయింది మా ఆయనది, సారా తాగి తాగి.
నేను పండుగకు సుత కల్లు ముట్టలే.
బయట కూసున్నోళ్ళు ఏమనుకుంటరు?"

తలుపు దగ్గరికి వేశాను.
పుస్తకంలో మాట నోటిదాకా వచ్చింది,
మింగేశాను.

"వానకాలంల ఆనకట్ట గేట్లు దించినప్పుడు
ఎవరి చేను మునిగింది?"
"మాదే. ఇంకెవరిది?"
"ఆనకట్ట మీ చేన్లుందా?"
"అదెక్కడో కింద. నీళ్ళు ఎగదన్నినయ్."
అని ఆగింది.
తన మాట తనకే వినబడ్డట్టు
కుడి పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుంది.

కుడి చెయ్యి తల కిందికి. ఊపిరి బిగబట్టు.
జిగురు చల్లదనానికి ఒళ్ళు జలదరించింది.
ఎముకకీ ఎముకకీ మధ్య సందులో
మొన ఆనించి నొక్కాను.
ఠక్.
ఏటి ఇసుకలో పుచ్చకాయను
వేలితో కొట్టి చూసినంత.
లోపల ఒక అల బయల్దేరుతుంది.
మెత్తని చోట నడుస్తుంది,
బిగిసిన చోట ఉరుకుతుంది.
పది దెబ్బలు, పది ఉరుకులు,
నడిమి అంకె పందొమ్మిది పాయింట్ రెండు.
పోయిన నెల పది.

పాదాలకింకా తెలియదు,
ఊపిరితిత్తులకింకా తెలియదు.
నీళ్ళొస్తున్న సంగతి
ఎగువ ఊరికి ముందు తెలిసింది.

"నీళ్ళ గోళీ ఏస్కుంటున్నవా?"
"ఏస్కుంటున్న."
నేను తెర వైపు చూశాను.
ఆమె నా వైపు చూసింది.
"బస్సెక్కే రోజు ఏస్కోను."
జిగురు ఆరిపోయేంత సేపటికి
"కూలికి పోయిన రోజు సుత.
మిరప చేను మోకాలెత్తు.
ఆడోళ్ళు యాడ కూసుంటరు?"

వారానికి కూలి ఆరు రోజులు.
తన చేను మునిగాక
అన్నీ పరాయి చేన్లే.

డాక్టర్ మోతాదు పెంచబోయాడు,
అప్పటికే అంకె సగం రాశాడు.
మోకాలెత్తు చేను సంగతి చెప్పాను.
కొట్టేశాడు.
మోతాదు పాతదే ఉంచి
పక్కన రాశాడు: చేను నుంచి ఇంటికొచ్చాక.

రిజిస్టర్‌లో గడులు మరాఠీవి.
యకృత్ అని నింపుతాను.
ఆ మాట ఇంట్లో ఎవరం అనం.
బడిలో మా సార్ దిగులు పాఠం చెబుతూ
ఎడమ రొమ్ము మీద అరచెయ్యి ఆనించి
కాళీజ్ అనేవాడు.
మా అమ్మ మేక కోసిన రోజు
అలాంటి మాటే అని, కార్జం అని,
నల్లటి ముక్క ఒకటి నా కంచంలో వేసేది.
ఒక నోట్లో గుండె,
ఒక నోట్లో గుండె ఎగువనున్న ఊరు.
ఏది తప్పో తేల్చుకోలేక
పరీక్షలో రెండు మార్కులు పోగొట్టుకున్నాను.
ఇప్పుడూ ఆ గడి దగ్గర
పెన్ను ఒక్క క్షణం నిలబడుతుంది.

మళ్ళీ రెండో బుధవారం.
పదకొండు పాయింట్ నాలుగు.
చెబుదామని ఇటు తిరిగితే
మల్లుబాయి అప్పటికే బల్ల దిగి
కొంగు ముడి విప్పుతోంది.
గుప్పెడు ఎండుమిరపకాయలు
నా రిజిస్టర్ మీద పోసింది.
"మునగని మడియి."

అంకె అడగలేదు.
అంకీసా బస్సు ఎన్నింటికని అడిగింది.